కోడలు రాసిన ఒక్క లైను

ప్రపంచంలో సగం కంప్యూటర్లు ఈ రోజు సవ్యంగా నడుస్తున్నాయంటే దానికి కారణం నేనూ, నేను కాపలా కాసిన పప్పుగిన్నే. నేను చదివింది ఎనిమిదో తరగతి, అదీ రెండు తరగతులకి ఒకే పంతులుండే మా ఊరి బళ్లో. అయినా అమెరికాలో, బెంటన్‌విల్‌లో మా అబ్బాయి శశికాంత్ ఇంట్లో, వంటగది బల్ల ముందు కూర్చుని ఈ ఘనకార్యం చేశాను. ఎలాగో చెప్తాను, తొందరపడకండి.

మా కోడలు చంద్రిక హైదరాబాదులో మంచి ఉద్యోగం చేసేది. యంత్రానికీ, దాని మీద నడిచే ప్రోగ్రాములకీ నడుమ ఉండే పని ఆమెది. ఇక్కడికి వచ్చాక వీసా ఒప్పుకోక కొంతకాలం, మా మనవరాలు నిధి పుట్టి కొంతకాలం, మొత్తం ఆరేళ్లు ఖాళీ పడింది. ఈ మధ్యే వర్క్ పర్మిట్ వచ్చింది. ఒక కంపెనీవాళ్లు ఫోన్ చేసి, ఇంటర్వ్యూలోగా ఈ మధ్య చేసిన పని ఏదైనా చూపించగలరా అని మర్యాదగానే అడిగారట. ఫోన్ పెట్టేసి ఆమె వంటగదంతా ఒకసారి కలియజూసింది. ఈ మధ్య చేసిన పని బోలెడు. కానీ చూపించడానికి ఏం మిగిలింది? వండింది తినేశారు, ఉతికింది మళ్లీ మాసింది, తుడిచిన చోట నిధి మళ్లీ జ్యూస్ ఒలికించింది.

అప్పుడామెకి పాత స్నేహితురాలెవరో ఒక లైబ్రరీ సంగతి గుర్తు చేసింది. పుస్తకాలుండే లైబ్రరీ కాదు. ఏ ప్రోగ్రామైనా ఫైలు తెరవాలన్నా, మూయాలన్నా, యంత్రాన్ని కాస్త చోటు అడగాలన్నా ఎవరికివారు మొదటినుంచీ రాసుకోకుండా వాడుకునే ఉమ్మడి సరంజామా అది. ఏ కంపెనీ సొత్తూ కాదు. ఎక్కడెక్కడివాళ్లో జీతం లేకుండా చేసిపెడుతుంటారు. చెయ్యాల్సిన పనులన్నీ అందరికీ కనబడేలా ఒక పేజీలో పెడతారు. నచ్చిన పని కింద ‘ఇది నేను తీసుకుంటాను’ అని రాస్తే అది మీది. కుదరకపోతే ‘వదిలేస్తున్నాను’ అని రాసి వెళ్లిపోవచ్చు. ఎవరూ ఏమీ అనరు.

ఆ చివరి ముక్క చంద్రికని పట్టుకుంది. వదిలేస్తున్నాను అని చెప్పి వెళ్లగలిగిన పని ఒక్కటైనా తనకుందా అని వెతుక్కుంది. ఈ ఇంటి పనులకి పేజీ లేదు. వాటి కింద ఆమె ఎప్పుడూ ‘నేను తీసుకుంటాను’ అని రాయలేదు, తీసుకుంటావా అని అడిగినవాళ్లూ లేరు. అయినా నిధి పళ్ల డాక్టరు అపాయింట్‌మెంటు, శశికాంత్ చొక్కాలు, వీధిలోకి లాగిపెట్టాల్సిన చెత్తడబ్బా, నా బీపీ మాత్రలు, అన్నీ ఆమెవే. మా అమ్మాయి పురుడికని వైజాగ్‌లో ఉండిపోయిన మా ఆవిడ చాముండేశ్వరితో వీడియో కాల్ కూడా ఆమె పనే. ఆ కాల్‌లో మా ఆవిడ ప్రతిసారీ “నీకేమ్మా, ఇంట్లోనే ఉంటావుగా” అంటుంది. శశికాంత్ మాట ఇంకా మెత్తన. ఏదన్నా కావాలంటే చెప్పు, హెల్ప్ చేస్తాను అంటాడు. ఎవరి పనికి ఎవరు హెల్ప్? గిన్నెలు తోముతూ ఆ మాటని ఆమె అటూ ఇటూ తిప్పి చూసింది. అతను చెడ్డవాడు కాదు, చెబితే చేస్తాడు. కానీ గుర్తుపెట్టుకుని చెప్పడం కూడా ఒక పనేనని అతనికి తట్టదు. తట్టేలా చెప్పడం మళ్లీ ఆమె పనే. ఇవన్నీ నాకెలా తెలుసంటారా? చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ సగం ఆమె చెప్పింది, మిగతా సగం నేను పూరించుకున్నాను.

పేజీలో ఆమె ఎంచుకున్న పని ఇది: ప్రోగ్రాము మధ్యలో ఆగిపోతే, ఒక రకం యంత్రాల మీద అది తెరిచిన ఫైళ్లు మూతపడకుండా అలాగే ఉండిపోతున్నాయి. అవి పేరుకుపోతే యంత్రం మొరాయిస్తుంది.

“ఎవరో తెరిచి వదిలేసినవి వెతికి మూయడం. నాకు బాగా అలవాటైన పనే మామయ్యా” అంది.

రోజూ నిధిని స్కూల్లో దింపి వచ్చి, స్టవ్ మీద పప్పు పెట్టి, కాస్త చూస్తుండండి అని నాకు అప్పగించి లాప్‌టాప్ ముందు కూర్చునేది. నేను మొదట్లో కోసిన గొప్ప ఇదే. ఆ కాపలా కూడా నేను సరిగ్గా కాయలేదు లెండి. మొదటి రోజే నిధికి చెప్పడానికి, నేను గేదె మీదెక్కి వాగు దాటి పరీక్షకి వెళ్లిన కథకి మెరుగు పెట్టుకుంటూ కూర్చున్నాను. ఆ పరీక్షలో గేదెకి నాకంటే ఎక్కువ మార్కులొస్తాయి. ఈలోగా పప్పు మాడి, పొగ కమ్మి, స్మోక్ అలారం కేకలు పెట్టింది. చంద్రిక లేచి వచ్చి తువ్వాలు విసిరి దాని నోరు మూయించి, గిన్నె సింకులో పడేసి, మళ్లీ వెళ్లి కూర్చుంది. ఆ పూట అందరం పెరుగన్నం తిన్నాం. ప్రపంచ కంప్యూటర్లకి నేను చేసిన సేవ, ఒక గిన్నె నల్లబరచడం.

కొన్ని వారాలకి పని పూర్తయింది. ఆ లైబ్రరీ బాగోగులు చూసే మార్గిట్ అనే ఆవిడ, ఏ దేశమో నాకు తెలియదు, ఒకచోట తప్పు చూపించి దిద్దమంది. దిద్దాక చేర్చుకుంది. ‘థాంక్యూ చంద్రికా, ఇది చాలాకాలంగా ఎవరూ ముట్టుకోని పని’ అని రాసింది. చంద్రిక అది చదివి, నిధిని తేవడానికి వెళ్లి, స్కూలు ముందు కార్ల వరసలో ఫోన్ తీసి మళ్లీ చదువుకుందట.

తర్వాత లైబ్రరీ కొత్త వెర్షన్ విడుదలైంది. దానితోపాటు ఇచ్చే రిలీజ్ నోట్స్‌లో, పని చేసినవాళ్లకి కృతజ్ఞతలు చెబుతూ వాళ్ల పేర్లు వేశారు. అందులో చంద్రిక లేదు, శశికాంత్ ఉన్నాడు. లాప్‌టాప్ కొన్నప్పుడు సెట్టింగ్స్‌లో అతను తన పేరే ఇచ్చాడు. ఆమె పంపిన ప్రతి మార్పు మీదా ఆ పేరే ముద్ర పడింది. విడుదలప్పుడు పేర్లు ఏరేది మనిషి కాదు, యంత్రం. చంద్రిక మొదట నవ్వింది, తీరిగ్గా సరిచేద్దాంలే అనుకుంది.

ఆ శనివారం మా అబ్బాయి ఆఫీసు స్నేహితుడు జగదీష్ ఇంట్లో పాట్‌లక్, అంటే తలా ఒక వంటకం పట్టుకెళ్లే విందు. చంద్రిక పులిహోర ట్రే మూత తీస్తుండగా జగదీష్ వచ్చి శశికాంత్ భుజం చరిచాడు.

“ఏం బాస్, రిలీజ్ నోట్స్‌లో నీ పేరు చూసినం. మన టీమంతా వాడే లైబ్రరీ. మేనేజర్‌కి కూడా ఫార్వర్డ్ చేసిన. పార్టీ ఎప్పుడు?”

శశికాంత్ చంద్రిక వైపు చూసి, చూపు తిప్పేశాడు. “ఏదో, వీకెండ్స్‌లో టైమ్‌పాస్” అన్నాడు.

చంద్రిక పులిహోరలో గరిటె పెట్టింది. జగదీష్ భార్య జయంతి నీ పులిహోర సూపర్ అంది. అది మాత్రం ఆమె పేరు మీదే ఉండిపోయింది.

తిరుగు ప్రయాణంలో నేనూ నిధీ వెనక సీట్లో. నిధి నిద్రపోయింది, నేను నిద్ర నటించాను. అందరి ముందూ ఏం చెప్పమంటావ్ అన్నాడు వాడు. టీమ్‌లో మనుషుల్ని తగ్గిస్తున్నారనీ, వచ్చే నెల కాంట్రాక్టు రెన్యూ కావాలనీ, అది పోతే వీసా, ఇల్లు, నిధి స్కూలు అన్నీ ప్రశ్నలేననీ చెప్పాడు. గొంతులో భయం నాకూ వినిపించింది, ఆమెకీ వినిపించింది.

“ఒక్క నెల అలా ఉండనీ చంద్రికా. ఇంట్లో ఎవరి పేరైతే ఏంటి?”

“నా ఇంటర్వ్యూ గురువారం శశీ. వాళ్లు ఆ పేజీ తెరిచి చూస్తారు.”

“అది నేనే చేశానని నోటితో చెప్పు.”

“నోటితో చెబితే నమ్మేవాళ్లయితే, హైదరాబాద్‌లో చేసింది చెప్పినప్పుడే నమ్మేవాళ్లు.”

మిగతా దారంతా ఆమె ఏం ఆలోచించి ఉంటుంది? అతని భయం అబద్ధం కాదు. ఆ భయానికి ప్రతిసారీ తను సర్దుకుంటూనే వచ్చింది. ఉద్యోగం మానింది, ఊరు మారింది, ఏం చేస్తారని ఫారాల్లో అడిగిన చోటల్లా హోమ్‌మేకర్ అని నింపింది. ఆ ఖాళీ సంవత్సరాల మీద ఆమె పేరు ఉంది. పని చేసిన కొద్ది వారాల మీద మాత్రం అతని పేరు ఉండాలట.

సోమవారం పొద్దున ఆమె స్టవ్ వెలిగించలేదు. లాప్‌టాప్ తెరిచింది. ఆ లైబ్రరీలో ఒక చిన్న ఫైలు ఉంటుందట. పెళ్లితో ఇంటిపేరు మారినవాళ్లూ, పాత ఈమెయిలు పోగొట్టుకున్నవాళ్లూ అందులో ఒక లైను చేరిస్తే, అంతకుముందు చేసిన పనంతా సరైన పేరు కింద కనిపిస్తుంది. చంద్రిక ఆ లైను రాసింది. ఎందుకు మారుస్తున్నారో చెప్పాల్సిన చోట ‘లాప్‌టాప్ సెట్టింగ్ వల్ల పేరు తప్పు పడింది, ఈ పని నాది’ అని రాసింది. పంపే బటన్ నొక్కబోతుండగా ఆమె చెయ్యి వణికింది. ఒక క్షణం ఆగి, కళ్లు తుడుచుకుని, నొక్కింది.

మధ్యాహ్నానికి మార్గిట్ దాన్ని చేర్చేసింది. సాయంత్రం శశికాంత్ బూట్లు విప్పకముందే చంద్రిక విషయం చెప్పేసింది.

“ఒక్క నెల ఆగలేకపోయావా?” అన్నాడు.

“ఆరేళ్లు ఆగాను.”

వాడు అన్నం ముందు కూర్చుని చాలాసేపు కలుపుతూ ఉన్నాడు. తర్వాత గరాజ్‌లోకి వెళ్లి ఫోన్ చేశాడు. తలుపు సరిగ్గా వెయ్యలేదు, నాకు వినిపించింది.

“జగదీష్, ఆ రిలీజ్ నోట్స్‌లోది మా ఆవిడ చేసింది. నాది కాదు. మేనేజర్‌కి నేనే చెప్తాలే.”

కాంట్రాక్టు సంగతి ఇంకా తేలలేదు. చంద్రిక ఇంటర్వ్యూ ఎల్లుండి.

ఇదంతా రాసి ఆమెకి చదివి వినిపించాను. పప్పు దగ్గర నవ్వింది, పులిహోర దగ్గర ఊరుకుంది, బటన్ దగ్గర ఆపమంది.

“నా చెయ్యి వణకలేదు మామయ్యా. నేను ఏడవనూ లేదు. మీ అబ్బాయి పేరు తీసేటప్పుడు కోడలి చెయ్యి వణికితే బాగుంటుందని మీకు అనిపించింది.”

నిజమే. గేదె మార్కులతో సహా మిగతాదంతా జరిగిందే, ఆ వణుకూ ఆ కన్నీళ్లూ మాత్రమే నేను కల్పించినవి.