ఆడ మొగలికి కట్టిన సంచి

టెక్కలిలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో బోటనీ చెప్పే కృష్ణవేణికి వేసవి సెలవులు అయిపోయిన కొత్తలో హైదరాబాదు నుంచి ఫోన్ వచ్చింది. చేసినామె పేరు దీప్తి. పరిశోధన చేసినవాళ్ళు ఆ తర్వాత ఏమవుతున్నారు, ఎలా పని చేస్తున్నారు, దేన్ని పట్టుకుంటున్నారు, దేన్ని వదిలేస్తున్నారు అని తమ సంస్థ సర్వే చేస్తోందని చెప్పింది. చిన్న ఊళ్ళలో పనిచేసే పిహెచ్.డి.లను వెతుకుతుంటే మీ పేరు దొరికింది, ఒక పూట మాట్లాడతారా అని అడిగింది.

"నేను పాఠాలు చెప్పుకునేదాన్నండీ. పరిశోధన మానేసి చాలా కాలమైంది."

"మానేసినవాళ్ళు కూడా కావాలి మేడమ్."

ఆ మాట కృష్ణవేణిని పట్టుకుంది. విశాఖలో చదివిన రోజుల్లో ఆమె వేలకొద్దీ జీడి ఆకులను కొలిచింది, మచ్చలు లెక్కపెట్టింది. తనను కూడా ఎవరో ఒక ఆకులా తిప్పి చూస్తారని ఎన్నడూ అనుకోలేదు. ఏం చూస్తారు? ఏం రాసుకుంటారు? భయం వేయలేదు కానీ, పరీక్ష పేపరు ఎలా వస్తుందోనన్నట్టు మనసు ఊరుకోలేదు.

కాలేజీ కరస్పాండెంటు జనార్దనరావుకు మాత్రం వేరే ఆలోచన వచ్చింది. చుట్టుపక్కల భూములూ పలుకుబడీ ఉన్న కుటుంబం ఆయనది. కాలేజీకి మంచి పేరు రావాలని తపన. కృష్ణవేణిని గదిలోకి పిలిచి కూర్చోబెట్టారు.

"మేడమ్, మనకి రీసెర్చ్ సెల్లుందని ఓ మాటనండి. ప్రోత్సహిస్తన్నామని సెప్పండి. ఇందులో మనకి పోయిందేటుంది?"

క్లాసుకు వేళైందని ఆమె లేచి వచ్చేసింది.

దీప్తి ఉదయం రైలుకి పలాసలో దిగి, బస్సులో టెక్కలి వచ్చింది. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. బోటనీ ల్యాబులో, ఫార్మలిన్ సీసాల మధ్య బల్ల తుడిచి ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. మీ పేరు గానీ, కాలేజీ పేరు గానీ ఎక్కడా రాదని దీప్తి ముందే చెప్పి ట్యాబ్ తెరిచింది.

"మామూలు వారంలో పరిశోధనకి ఎంత సమయం దొరుకుతుంది మేడమ్?"

"ఆదివారాలు కొంచెం..." అని మొదలుపెట్టి కృష్ణవేణి ఆగిపోయింది. తనకే నవ్వొచ్చింది. "లేదమ్మా. అస్సలు దొరకదు. ఆదివారం పేపర్లు దిద్దుకుంటాను."

"మీ సంస్థ సమయం గానీ సదుపాయం గానీ ఇస్తుందా?"

జనార్దనరావు మాట చెవిలోనే ఉంది. కానీ చెట్ల దగ్గర ఉన్నది ఉన్నట్టు రాసుకోవాలని పిల్లలకు చెప్పే మనిషి, తన దగ్గరికొచ్చేసరికి మార్చి చెబితే ఈ అమ్మాయి అంత దూరం వచ్చింది ఎందుకు? "ఇవ్వదు" అంది. "అడ్డుకోరు కూడా. నేనే ఎప్పుడూ అడగలేదు."

ప్రశ్నలు సాగుతూ ఉన్నాయి. ఎవరితో చర్చిస్తారు, ఏ పత్రికలు చదువుతారు, ఫలితం రాకపోతే ఏం చేస్తారు. కొన్నింటికి జవాబులు సులువుగా వచ్చాయి. కొన్నింటికి తన జవాబు తానే మొదటిసారి విన్నట్టు అనిపించింది.

"మీరు వదిలేసిన ప్రశ్న ఏదైనా ఉందా? అంటే, అడగాలనుకుని అడగకుండా ఉండిపోయింది."

కృష్ణవేణి కిటికీలోంచి బయటికి చూసింది.

"ఉంది" అంది. "మొగలి. మా ఉద్దానంలో తోటలకి మొగలి పొదలే కంచె. మొగలిలో ఆడ చెట్టు వేరు, మగ చెట్టు వేరు. వాసన వేసేది మగ పువ్వు. అత్తరు కోసం దాన్ని విచ్చీ విచ్చకముందే కోసుకుపోతారు. అలా పువ్వులన్నీ పోతే ఆడ చెట్టుకి పుప్పొడి ఎక్కడిది? కానీ మా మావ తోటలో ఆడ చెట్లు ఏటేటా కాయలు కాస్తూనే ఉన్నాయి. దీని మీద చేస్తానని మా గైడుగారిని అడిగాను. మొగలికి ప్రాజెక్టు ఎవరిస్తారమ్మా, జీడి మామిడి తీసుకో అన్నారు. తీసుకున్నాను."

దీప్తి రాయడం ఆపేసింది. "మరి ఎలా కాస్తున్నాయి?"

"అదే తెలీదు."

"ఇప్పుడు పూస్తుందా అది?"

ఆ అడగడంలో సర్వే లేదు. చిన్నపిల్ల అడిగినట్టు అడిగింది. మర్నాడు దీప్తికి బరంపురంలో పని ఉంది, ఎలాగూ ఇచ్ఛాపురం వైపే పోవాలి. ఆ మధ్యాహ్నమే సెలవు పెట్టి కృష్ణవేణి కూడా బస్సెక్కింది. ఎక్కేముందు ల్యాబు బీరువాలోంచి బటర్ పేపర్ సంచులు తీసి బ్యాగులో వేసుకుంది. పూలకు పుప్పొడి తగలకుండా కట్టడానికి ఎప్పుడో తెప్పించినవి. ఎవరూ వాడలేదు.

కవిటి దాటి సముద్రం వైపు వెళితే సూర్యం తోట. సూర్యం కృష్ణవేణికి మేనమామ. కొబ్బరీ, జీడీ, అంచున మొగలి. ఇద్దరినీ చూసి ఆయన బొండాలు కొట్టించాడు.

"ఆడ మొగలి సూడ్డానికొచ్చినారా ఇంత దూరం? మగ పువ్వుకైతే తెల్లారకముందే బేరగాళ్ళొచ్చేత్తారు. దీన్నెవుడడుగుతాడే?"

"కాయలెలగ కాత్తన్నాయి మావా మరి?" తోటలో అడుగుపెట్టగానే ఆమె మాట కూడా మారిపోయింది.

"గాలికంటారు. ఈగలు తెత్తాయంటారు. నానేటి సూసినానా? నువ్వు సదువుకున్నావు, నువ్వే సెప్పాల."

"నాకూ తెలీదు మావా."

సూర్యం ఆమె ముఖంలోకి చూశాడు. పరిహాసం పోయి, "మరయితే సూద్దాం" అన్నాడు.

ముళ్ళ ఆకులను కర్రతో పక్కకు నొక్కి పట్టాడు. ఇంకా విచ్చని ఆడ మొగ్గలను వెతికి కృష్ణవేణి సంచులు తొడిగి, మూతి బిగించి కట్టింది. చేతులంతా గీరుకుపోయాయి. పుప్పొడి అందకపోయినా కాయ కడితే ఒక సంగతి తేలుతుంది. కట్టకపోతే పుప్పొడి ఎక్కడినుంచో వస్తోందన్నమాట. దీప్తి సంచులు అందించింది. ఒక మొగ్గకు తానే కట్టింది కూడా. ఆ సాయంత్రం ఇచ్ఛాపురంలో రైలెక్కేముందు, "ఇది నా పనిలో భాగం కాదు మేడమ్. కానీ ఏమైందో నాకు చెప్పాలి" అంది.

వారం తిరగకుండానే వాన ఆ కాగితాలను నాన్చి చింపేసింది. సూర్యం ఫోన్ చేసి చెబితే కృష్ణవేణికి ఏడుపొచ్చినంత పనైంది. ఫోన్ ఆయన భార్య మంగమ్మత్త అందుకుంది. "గుడ్డ సంచులైతే ఆగుతాయేటే? నాను కుట్టిత్తాను, రా" అంది. దళసరి నూలుబట్టతో రెండు పొరలు కుట్టింది. అప్పటికి విచ్చని మొగ్గలు తక్కువే మిగిలాయి, వాటికే కట్టారు. కొన్ని సంచులను మేకలు లాగేశాయి, కొన్నింటిని ఈదురుగాలి విప్పేసింది. తోటలోకి వచ్చినవాళ్ళంతా చెట్లకు లాగులెందుకు తొడిగారని అడుగుతుంటే సూర్యం కాసేపు నవ్వేవాడు, కాసేపు విసుక్కునేవాడు. విసుక్కుంటూనే ముళ్ళు తప్పించుకుని ముడులు సరిచూసి వచ్చేవాడు.

ఈలోగా జనార్దనరావు అడగనే అడిగారు. "సర్వే వాళ్ళకేటి సెప్పినారు మేడమ్?"

"ఉన్నదే చెప్పానండీ. రీసెర్చ్ సెల్ లేదన్నాను. పేర్లు రాయరు లెండి."

ఆయన ముఖం ముడుచుకుంది. కొన్నాళ్ళు ఎదురుపడినా పలకరించలేదు. దసరా సెలవులకు ముందు స్టాఫ్ రూమ్ గుమ్మంలో నిలబడి, "మొగలికేదో సంచులు కట్టినారంట గదా, మావోళ్ళు సెప్పినారు" అన్నారు. ఆమె సంగతంతా చెప్పింది. నిలబడే విన్నారు. "ఇంతకీ కాసిందా, లేదా?"

"ఇంకా విప్పలేదండీ."

"శనివారం మజ్జాన్నం క్లాసులు ఇంకెవరికైనా సర్దుకోండి" అని వెళ్ళిపోయారు.

కార్తీకంలో ఒక శనివారం విప్పింది. చివరిదాకా నిలిచినవి రెండే సంచులు. మొదటిదాంట్లో ఎండిన బుడిపె ఉంది, అంతే. రెండోదాని ముడి విప్పుతుంటే లోపల ఏదో బరువుగా తగిలింది. బట్ట తీసింది. పచ్చటి కాయ, గళ్ళు గళ్ళుగా, పిడికిలికంటే పెద్దది.

సూర్యం వంగి చూశాడు. "అయితే మగదానితో పని లేదేటే దీనికి?"

"అలా అనేయకూడదు మావా. పుప్పొడి చాలా సన్నం. బట్టలోంచి దూరిందేమో. సంచి కట్టేసరికే పువ్వు విచ్చిందేమో." అలా అంటూనే కాయను వేళ్ళతో చుట్టూ తడిమి చూసింది. కాయను కోయలేదు. లోపల గింజలున్నాయో లేదో ముదిరాక చూడాలి. మొలుస్తాయో లేదో అదింకొకటి. ఒక్క ప్రశ్న అనుకున్నది తీగలా సాగుతోంది.

సంక్రాంతి వెళ్ళాక దీప్తి రెండో విడత సర్వేకి ఫోన్ చేసింది. కృష్ణవేణి తోటకి వెళ్ళడానికి టెక్కలి బస్టాండులో ఉంది. అవే ప్రశ్నలు. వారంలో సమయం దొరుకుతోందా అంటే దొరుకుతోంది అంది. ఎవరితో చర్చిస్తారంటే మా మావతో, అత్తతో అని నిజమే చెప్పింది. కాయ సంగతి విని దీప్తి మురిసిపోయింది. తర్వాత గొంతు తగ్గించింది.

"మేడమ్, ఒకటి చెప్పాలి. నేను మీతో తోటకి వచ్చాను, సంచి కట్టాను. ఆ సంగతి మా వాళ్ళకి రాసిచ్చాను. మీ జవాబులు మా వల్ల మారినట్టే లెక్క. వాటిని సర్వే మొత్తంలో కలపకుండా పక్కన పెడతారట. మీకు కోపం వస్తుందేమోనని..."

కోపం రాలేదు. సంచిలోకి బయటి పుప్పొడి దూరిందేమోనని తాను పడుతున్న అనుమానమే వాళ్ళకూ వచ్చింది మరి.

"సరేనమ్మా. కానీ నాకొకటి చెప్పు. ఎవరినైనా ఒక ప్రశ్న అడిగితే కొంచెమైనా మారకుండా ఉంటారా? మీరు సంచి ఎక్కడ కడతారు?"

"దాని గురించి మాలో మాకే తగువు మేడమ్" అని దీప్తి నెమ్మదిగా చెప్పడం మొదలుపెట్టింది.

పలాస బస్సు వచ్చి నిలబడింది. కండక్టరు కేకేస్తున్నాడు. కృష్ణవేణి సిమెంటు బెంచీ మీద చోటు చూసుకుని కూర్చుని, ఫోన్ రెండో చెవికి మార్చుకుంది.

"ఊ, చెప్పు" అంది.