లేడీస్ మలుపు

ఆదివారం పరుగు కోసం ఇచ్చిన టీషర్టును వాకిట్లో ఆరేస్తుంటే మా అత్తగారు అచ్చియమ్మ కేకేసింది. "ఏటే ప్రసూనా, గుమ్మం ముందు రాబందుని వేలాడదీశావేటి! ఎనక్కి తీసుకుపో." వెనకంటే బాత్‌రూం పక్క సందు. పెళ్లైన కొత్తలో నెలసరి గుడ్డలు ఆరేసుకోమని ఆవిడే చూపించిన చోటు. అక్కడే ఆరేశాను. రెక్కలు చాచిన పక్షి బొమ్మ గోడకేసి తిరిగింది.

రాబందులను కాపాడాలని ఆదివారం రతన్‌పూర్ రోడ్డు మీద పరుగు పెడుతున్నారు. అడవివైపు కొన్నే మిగిలాయట. మగవాళ్లకు పది కిలోమీటర్లు, ఆడవాళ్లకు మూడు. ఆడవాళ్లు వెనక్కి తిరగాల్సిన చోటుకి లేడీస్ మలుపని పేరు. మా రైల్వే కాలనీ క్లబ్బులో నా పేరు నేనే ఇచ్చి వచ్చాను. నా భర్త రాజేంద్ర గూడ్సు బండి నడుపుతాడు. "శవాల్ని తినే పిట్ట కోసం పరుగేటి? అచ్ఛా, సరదా పడ్డావు, ఎల్లు. లేడీస్ మలుపు కాడ తిరిగొచ్చీ. పదింటికి నాకు డ్యూటీ. కేరేజీ ఎవుడు కడతాడు?" అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఆయన నవ్వినప్పుడల్లా నవ్వడం నాకు ఎప్పుడు అలవాటైందో గుర్తులేదు.

గుర్తున్నది వేరే. చిన్నప్పుడు నాన్న క్వార్టర్ వాకిట్లో ఆడుకుంటుంటే పెద్ద నీడ ఒకటి నేలమీద జారుతూ వచ్చేది. రాబందు నీడ. తలెత్తి చూసేదాన్ని కాదు. ఆ నీడలోనే ఉండాలని దానితోపాటు పరుగెత్తేదాన్ని. బోరింగు దాటి, రైలింజన్ల షెడ్డు గోడ దాకా. నీడ గోడెక్కి అవతలికి పోయేది. నేను గోడకు అరచేతులు ఆనించి, ఆయాసపడుతూ ఉండిపోయేదాన్ని. "ఎదిగిన పిల్లవి, ఆ పరుగులేటి?" అని ఒకరోజు అమ్మ చెయ్యి పట్టి లోపలికి లాక్కెళ్లింది. తరువాత ఆ నీడలు రావడం మానేశాయి. ఎప్పుడు మానేశాయో ఎవరూ గమనించలేదు. నేను లోపల ఉన్నాను. ఇప్పటికీ గిన్నెలు తోముతుంటే ఒక్కోసారి అరచేతులకు ఆ గోడ గరుకు తగులుతుంది. అవతల ఏముందో చూడాలన్న ఆశ, అంత చిన్నది, ఇన్నేళ్లయినా చావలేదు.

ఆదివారం అన్నం, పప్పు, కూర వండి, కేరేజీ గిన్నెలు తుడిచి బల్లమీద పెట్టి పరుగుకు వచ్చాను. మలుపు దగ్గర రోడ్డుకు అడ్డంగా సున్నపు గీత. పక్కన టెంటు, తాలింపు అటుకుల పోహా వాసన. ముందే చేరుకున్న మా కాలనీ ఆడవాళ్లు ప్లేట్లు సర్దుతున్నారు. మగవాళ్లు వచ్చేసరికి వడ్డించాలి కదా.

జెండా పట్టుకున్న అమ్మాయి చెయ్యి అడ్డం పెట్టింది. "దీదీ, లేడీస్ యహీఁసే వాపస్." ఆడవాళ్లు ఇక్కణ్ణుంచే వెనక్కి తిరగాలట.

పక్క క్వార్టర్ స్వాతి టెంటులోంచి పిలిచింది. "వదినా, ఇలా వచ్చి గరిటె అందుకో. నా చెయ్యి పడిపోతంది!"

నా కాళ్లు అటు తిరగబోయాయి. ఎవరూ లాగకుండానే. అదే నన్ను భయపెట్టింది.

"నేను ముందుకెళ్తాను స్వాతీ."

"ఏటి వదినా! అన్నయ్యకి డ్యూటీ లేదేటి?"

"గిన్నెలు బల్ల మీద ఉన్నాయి. అంత గూడ్సు బండి లాక్కెళ్లే మనిషి, నాలుగు గిన్నెలు పేర్చుకోలేడా?"

అమ్మాయి నా మొహంలోకి చూసి చెయ్యి దించింది.

గీత దాటాను. ఇటుకల లారీ ఒకటి దుమ్ము లేపుకుంటూ పోయింది. ఆకాశంలో ఏమైనా ఉందేమోనని తలెత్తలేదు. నా ఎడమ పక్కన, రోడ్డు మీద, పొడుగ్గా ఒక నీడ నాతోపాటు పరుగెత్తుతోంది.

ఎంతసేపు పరుగెత్తినా గోడ రాలేదు.