బిగిసేదాకా వదలను

ప్రసవమై గంట దాటింది. పదకొండో గది ముందు బాలింత అత్తగారు కుర్చీ వేసుకుని కాపలా కూర్చుంది.

"ఇప్పుడే కునుకు పట్టింది. తర్వాత రామ్మా."

"పావుగంటకోసారి చూడాలి పెద్దమ్మా. ఇందాక మా కొత్త నర్సమ్మాయిని కూడా తిప్పి పంపేశారట."

మాట్లాడింది నర్సు. ఆస్పత్రిలో ఆమెను అందరూ గడియారం అంటారు.

"పావుగంటకోసారి లేపితే అదెప్పుడు పడుకుంటుంది? పొద్దుట్నుంచి నొప్పులు పడింది. మేం కనలేదా? మమ్మల్నెవరు చూశారు?"

"మీ తరం గట్టిది. మాది చూసుకోవాల్సిన తరం. కాస్త జరగండి."

నర్సు పక్కకు ఒదిగి లోపలికి దూరింది. తెరలు వేసున్నాయి. ఉయ్యాలలో బిడ్డ కదులుతున్నాడు.

"ఎంత హాయిగా పడుకుందో చూడు," అంది వెనకే వచ్చిన అత్తగారు గుసగుసగా.

నర్సు చూసింది. బాలింత పెదవులు పాలిపోయాయి. నుదుటి మీద చల్లటి చెమట. మణికట్టు పట్టుకుంటే నాడి పరుగెడుతోంది. నిమిషానికి నూట ముప్పై.

అది నిద్ర కాదు.

దుప్పటి లాగేసింది. కింద పరిచిన గుడ్డలు ఎర్రగా తడిసిపోయాయి.

నర్సు ఒక చేత్తో అత్యవసర గంట నొక్కి, రెండో చెయ్యి పొట్ట మీద వేసింది. కాన్పయ్యాక గర్భసంచి బంతిలా గట్టిగా ఉండాలి. ఇది పిండిముద్దలా మెత్తగా ఉంది, బొడ్డు దాటి పైకెక్కి కుడివైపుకు ఒరిగిపోయింది. బలంగా రుద్దడం మొదలెట్టింది.

"మూత్రానికి ఎప్పుడెళ్లింది?"

"వెళ్తానంది. పచ్చి బాలింతవి, కదలొద్దన్నాను."

"అదే అడ్డం. మూత్రం నిండిపోయి గర్భసంచిని బిగియనివ్వట్లేదు. బిగిస్తేనే నెత్తురాగేది."

డాక్టరు పరుగున వచ్చింది. గొట్టం వేసి మూత్రం తీసింది. ఇంజెక్షన్ ఇచ్చి, రెండు చేతులకూ సెలైన్ పెట్టింది.

"ఆపరేషన్ గది సిద్ధం చేయమన్నాను. రెండు నిమిషాల్లో ఆగకపోతే అక్కడికే."

నర్సు భుజాలు మండుతున్నాయి. చెయ్యి మాత్రం ఆగలేదు.

"తల్లీ, నన్ను తిట్టు. ఏదో ఒకటను!"

ఒక నిమిషం గడిచింది.

అప్పుడు వేళ్ల కింద ఏదో కదిలింది. ముద్ద దగ్గరపడింది. కాస్త గట్టిపడింది. మళ్లీ జారబోతే నర్సు వదల్లేదు. ఈసారి రాయిలా బిగిసింది.

"అబ్బా! చెయ్యి తియ్యండి, చచ్చిపోతున్నా!" బాలింత కేక పెట్టింది.

"చావవు. కేకపెట్టే ఓపికొచ్చిందంటే గట్టెక్కినట్టే!"

నెత్తురు తగ్గింది. చూస్తుండగానే చుక్కల్లోకి వచ్చింది. డాక్టరు ఫోన్ తీసి ఒకే ముక్క చెప్పింది. "ఆపరేషన్ అక్కర్లేదు."

"పెద్దమ్మా, బిడ్డను రొమ్ముకు పట్టించండి. వాడు చీకితే గర్భసంచి ఇంకా బిగుస్తుంది."

అత్తగారు బిడ్డను తీసి కోడలి రొమ్ముకు చేర్చింది. ఒక్క పట్టున అందుకున్నాడు. అరగంటకు నాడి తొంభైకి దిగింది.

నర్సు అత్తగారి అరచేతిని కోడలి పొట్ట మీద పెట్టింది.

"ఇలాగే గట్టిగా ఉండాలి. నేను పావుగంటకోసారి వస్తూనే ఉంటా. ఈలోగా మెత్తబడితే గట్టిగా అరవండి. అరవగలరా?"

మంచం మీంచి సన్నటి గొంతు వచ్చింది.

"అత్తయ్యకా? అది వెన్నతో పెట్టిన విద్య."

అత్తగారు కళ్లు తుడుచుకుంటూ కోడలిని కసిరింది. కోడలు నవ్వింది. ఆ నవ్వుకు పొట్ట అదిరినా, అత్తగారి చేతి కింద గర్భసంచి మాత్రం రాయిలాగే ఉంది.