ఇరవయ్యో అడ్మిషన్

కోదాడలో పడుకుని జగ్గయ్యపేటలో చదువుకున్న పిల్ల ఏ రాష్ట్రం పిల్ల? సౌందర్య అమ్మానాన్నలకు ఏడేళ్లలో ఒక్కసారి కూడా ఈ అనుమానం రాలేదు. రావాలని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. చెప్పగలిగినవాళ్లకు చెప్పకపోతేనే లాభం.

తండ్రి యుగంధర్ జగ్గయ్యపేటలో ఒక ప్రైవేటు బడికి బస్సు డ్రైవరు. సొంతూరు మోతె. పెళ్లయ్యాక కోదాడ వచ్చి కిరాయి ఇంట్లో కుదురుకున్నాడు. పొద్దున ఆరున్నరకు పసుపు బస్సు తీసి, కోదాడ గల్లీల్లో నలభై మంది పిల్లలను ఎక్కించుకుని సరిహద్దు దాటిస్తాడు, సాయంత్రం తెచ్చి దింపుతాడు. డ్రైవరు పిల్లలకు ఆ బడిలో ఫీజు లేదు. ఊరికే వచ్చే ఇంగ్లీషు మీడియం వద్దనే తండ్రి నాకు ఇంతవరకు తారసపడలేదు. ఆరో తరగతిలో సౌందర్యను కూడా అదే బస్సు ఎక్కించాడు. పదో తరగతి అక్కడే, ఆ యాజమాన్యానిదే కాలేజీలో ఇంటరూ అక్కడే. పిల్ల మాట కూడా మారింది. "నాయినా" పోయి "నాన్నా" వచ్చింది. "మా ఇంట్ల ఆంధ్రా పిల్ల పుట్టింది" అని తల్లి స్వరూప నలుగురికీ చెప్పి నవ్వేది.

ఎంసెట్‌లో ర్యాంకు బాగానే వచ్చింది. సర్టిఫికెట్ల పరిశీలనకు తండ్రీకూతుళ్లు సూర్యాపేట వెళ్లారు. బల్ల వెనక మేడం ఒక్కో స్టడీ సర్టిఫికెట్టూ తిప్పి చూసింది.

"అన్నీ జగ్గయ్యపేటయేనా?"

"అవును మేడం."

"అయితే నాన్ లోకల్."

యుగంధర్ నవ్వాడు. ఆమె పొరపాటు పడిందనుకున్నాడు. "లోకలే మేడం. కోదాడ మాది. ఆధార్ సూడుండ్రి, రేషన్ కార్డు సూడుండ్రి. నేను పుట్టింది మోతెల."

"నువ్వు పుట్టింది గాదన్నా, పిల్ల సదివింది సూస్తరు. తొమ్మిది నుంచి ఇంటర్ దాక నాలుగేండ్లు ఏడ సదివితే ఆడి లోకల్. మీరు పదేండ్ల సంది గీడనే ఉంటున్నరని కాయితం పెడితే సీటు రావచ్చు. ఫీజు మాత్రం సర్కారు కట్టదు. మీరే కట్టుకోవాలె."

ఆమె కసురుకోలేదు, జాలీ పడలేదు. వెనక లైను చాంతాడంత ఉంది.

సీటు వచ్చింది. మిర్యాలగూడ దగ్గర ఒక కాలేజీలో, కంప్యూటర్ సైన్సు. కాలేజీ ఆఫీసు గోడకు ఫీజుల బోర్డు ఉంది. కన్వీనర్ కోటా, మేనేజ్‌మెంట్ కోటా, ఎన్నారై కోటా. ఎన్నారై వరుసలో అంకెలు డాలర్లలో ఉన్నాయి. సౌందర్యకు వచ్చింది కన్వీనర్ సీటే, ఏడాదికి డెబ్బై వేలు. అదే ర్యాంకుతో కోదాడ సర్కారు బడిలో చదివిన పిల్ల పక్క బెంచీలో కూర్చుంటే, ఆమెకు ఆ డెబ్బై వేలూ ప్రభుత్వమే కడుతుంది. పరాయి దేశం పిల్లలకు ఫీజు ఎక్కువంటే సరే, వాళ్లు విమానం దిగి వస్తారు. ఈ పిల్ల పల్లెవెలుగు దిగి వచ్చింది.

ఆంధ్ర వైపు అడిగి చూశారు. చదివింది ఇక్కడే కావచ్చు, ఉండేది ఇక్కడ కాదు కదండీ, ఫీజు సాయం మా రాష్ట్రంలో ఉండేవాళ్లకే అన్నారు. రెంటికి చెడ్డ రేవడి అయింది పిల్ల బతుకు.

యుగంధర్ జీతం పదమూడు వేలు. స్వరూప మిషన్ కుడుతుంది. ఎనిమిది రోజుల్లో ఫీజు కట్టకపోతే సీటు రద్దు. ఆ రాత్రి స్వరూప పొద్దుపోయేదాకా మిషన్ కుట్టింది. మొగుణ్ణి తిట్టి ఉంటే అతనికి కాస్త హాయిగా ఉండేది.

మర్నాడు ట్రిప్పు అయ్యాక యుగంధర్ బడి కరస్పాండెంటు గదికి వెళ్లాడు. సంగతంతా విని ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఈ లోకల్ గొడవ నాకు తెలియక కాదయ్యా. నువ్వెప్పుడూ అడగలేదు కదా. పోనీలే, పాప మన బడి పిల్ల. నాలుగేళ్ల ఫీజూ నేనే కడతాను. నువ్వు కోదాడ నుంచి కొత్త అడ్మిషన్లు ఇరవై పట్టుకురా. శనివారం సాయంత్రానికి ఫారాలు నా బల్ల మీద ఉండాలి."

ఇందులో వింతేమీ లేదు. ప్రైవేటు బళ్లలో టీచర్లు, ఆయాలు, డ్రైవర్లు ఎండాకాలమంతా కరపత్రాలు పట్టుకుని గడప గడపా తిరగాల్సిందే. పిల్లల్ని తేలేనివాడికి జూన్ జీతం ఆలస్యమవుతుంది. బస్సులో ఉన్న నలభై మందిలో సగం మందిని యుగంధరే అలా తెచ్చాడు. ఈసారి బళ్లు తెరిచి నెల దాటినా ఆయనకు సీట్లు నిండలేదు, అంతే తేడా.

ఇంట్లో చెప్పగానే స్వరూప దేవుడి పటం వైపు తిరిగి దండం పెట్టింది. సౌందర్య మాత్రం తండ్రి వైపు తిరిగింది.

"వాళ్లంతా నాలాగే అవుతారు కదా నాన్నా?"

"పైసలున్నోళ్లకు ఏం కాదు బిడ్డా. వాళ్లు ఫీజు కట్టుకుంటరు."

"లేనివాళ్లకు?"

సౌందర్యే దారి చెప్పింది. "చిన్నపిల్లల్నే చేర్పించు. తొమ్మిదిలోకి వచ్చినవాళ్లను మాత్రం వద్దు. చిన్నవాళ్లయితే ఎనిమిది అవగానే ఇటు తెచ్చుకోవచ్చు. ఆ సంగతి వాళ్ల అమ్మలకు నేను చెప్తాను. అట్లా అయితేనే నేను కాలేజీకి వెళ్తా. ఒట్టెయ్యి."

"నీ మీద ఒట్టు బిడ్డా" అని కూతురి తల మీద చెయ్యి పెట్టాడు. ఆ చెయ్యి పెట్టినప్పుడు అతను నిజంగానే మాట నిలబెట్టుకుందామనుకున్నాడు. అబద్ధపు మనిషి కాడు యుగంధర్, అవసరంలో ఉన్న మనిషి.

వారమంతా తిరిగాడు. చిన్నపిల్లల తల్లులకు బస్సు డ్రైవరు మీద ఎంత నమ్మకమో అతనికి అప్పుడే తెలిసింది. "నువ్వే తోల్తవు గదన్నా?" అని అడిగి ఫారం మీద సంతకం పెట్టారు. ఎల్కేజీ, యూకేజీ, ఒకటి, రెండు. శనివారం ఒంటిపూట బడి, మధ్యాహ్నానికి పందొమ్మిది అయ్యాయి. తర్వాత ఎన్ని గడపలు తొక్కినా ఇరవయ్యోది దొరకలేదు. ఒకచోట పిల్లకు అమ్మవారు పోసిందన్నారు, ఒకచోట మామ ఒప్పుకోలేదన్నారు. నాలుగు దాటింది.

కోదాడ బస్టాండు ముందు శోభ పండ్ల బండి ఉంది. యుగంధర్ వారం నుంచీ అటువైపు పోకుండా తప్పించుకు తిరుగుతున్నాడు. శోభకు మొగుడు లేడు. కూతురు దీవెన సర్కారు బడిలో తొమ్మిది చదువుతోంది. ఆ వేళ కాళ్లు అటే తీసుకుపోయాయి. పిలిచింది శోభే.

"అందర్నీ చేర్పిస్తున్నవట అన్నా. నా బిడ్డ ఏం పాపం చేసింది?"

"దీవెన మంచిగనే సదువుతున్నది గద శోభా, గీడ."

"ఏం మంచిగ? ఇంగ్లీషుల నాలుగు ముక్కలు రావు. సగం ఫీజే అంటున్నరంట గద మీ బళ్లె. కష్టమో నష్టమో నేను కట్టుకుంట. నీ బిడ్డ లెక్క ఇంజనీరింగ్ సదివించాల్నని ఉన్నది నాకు. సీటొచ్చిందట గద?"

"వచ్చింది."

"ఫీజు సర్కారే కడతదట గద అన్నా? అట్లయితెనే నా అసుంటోళ్లు సదివించగలుగుతరు."

ఒక్క మాట చాలు. గీడనే ఉంచు శోభా, బిడ్డను బస్సెక్కించకు. ఆ మాట అంటే శోభ బండి మీది నుంచి నాలుగు బత్తాయిలు తీసి అతని చేతిలో పెట్టి దండం పెట్టేది. సౌందర్య సీటు పోయేది. నేనైతే చెప్పేవాణ్ణని అనను, ఒడ్డున నిలబడినవాడు ఎన్నైనా చెప్తాడు. అయినా యుగంధర్ మీద నాకు కోపమే.

"ఆఁ" అన్నాడు యుగంధర్.

శోభ బండి కింది సంచిలోంచి దీవెన ఆధార్ జిరాక్సు తీసి ఇచ్చింది. ఫారం అతనే నింపాడు. తరగతి అన్నచోట తొమ్మిది అని వేశాడు. శోభ సంతకం పెట్టింది. ఆరు కాకముందే ఇరవై ఫారాలూ కరస్పాండెంటు బల్ల మీదికి చేరాయి.

ఆయన మాట తప్పే మనిషి కాదు. సోమవారం పదకొండింటికల్లా ఫీజు కట్టి, రసీదు యుగంధర్ ఫోనుకు పంపాడు. ఆ పొద్దున్నే బస్టాండు దగ్గర దీవెన కొత్త యూనిఫాంలో బస్సెక్కింది. "గుడ్ మార్నింగ్ అంకుల్" అంది. సరిహద్దు దాటేటప్పుడు యుగంధర్ వెనక్కి చూడలేదు. సౌందర్యను తెలియక దాటించాడు, దానికి తన ఖర్మను తిట్టుకున్నాడు. ఈ పిల్లను తెలిసే దాటించాడు, తిట్టుకోవడానికి ఎవరూ మిగల్లేదు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి స్వరూప సేమ్యా పాయసం చేసింది. సౌందర్య రసీదు నాలుగుసార్లు చూసుకుని, నోట్‌బుక్కు తెచ్చి తండ్రి పక్కన కూర్చుంది.

"పేర్లు చెప్పు నాన్నా. ఎవరు ఏ క్లాసో రాసుకుంటా. తొమ్మిదికి ఎవరికి ఎంత టైముందో లెక్క తెలిస్తే, ఆ ముందు ఏడాదే వాళ్ల అమ్మలకు ఫోన్ చేస్తా. దగ్గరగా ఉన్నవాళ్లు ఉంటే రేపే చేస్తా."

యుగంధర్ ఒక్కొక్కటే చెప్పాడు. ఎల్కేజీ, యూకేజీ, ఒకటి, రెండు. పందొమ్మిది పేర్లు అయ్యాయి. పాయసం గిన్నె కింద పెట్టాడు.

"ఇరవయ్యో పిల్ల?"

"దీవెన."

"ఏ క్లాసు నాన్నా?"

"మూడు" అన్నాడు.

సౌందర్య రాసుకుంది. వేళ్ల మీద లెక్కపెట్టి నవ్వింది.

"అమ్మయ్య, ఈ పాపకు ఇంకా ఆరేళ్ల టైముంది. తొందరేం లేదు నాన్నా."