ఉల్లిపొర మందం

"చేతులు తియ్యకండి మేస్త్రీ గారూ. బల్ల మీదే ఉంచండి," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

తుపాకుల మేస్త్రీ చేతులు తన షాపు బల్ల మీదే ఆగిపోయాయి. వాటి మధ్య పాత రైఫిలు. రెండు గంటల కిందట షూటింగ్ క్లబ్బులో ఎవరూ ట్రిగ్గరు నొక్కకుండానే పేలింది. పక్కన నిలబడ్డ లెక్కల టీచరమ్మ మెడలో తూటా దిగింది. ఆవిడకింకా ఆపరేషన్ జరుగుతోంది.

"పది రోజుల కిందట దీన్ని బాగుచేసింది మీరు. చీటీ మీద సంతకం మీది. ఆవిడకేమైనా అయిందో, మీ ముసలితనం జైల్లోనే."

"చేతులు చూడండి సార్, బల్ల మీద తాళం వేస్తున్నాయి," అని నవ్వాడు కానిస్టేబుల్. "తాతా, వీటితోనేనా రిపేర్లు?"

మేస్త్రీకి కళ్లు మసకబారి ఏడాదైంది. తన చెయ్యే తప్పిందేమో! "ఒక్కసారి విప్పి చూడనివ్వండి బాబూ."

ఇన్‌స్పెక్టర్ తలూపాడు.

ఎప్పుడో మూతపడ్డ ఫ్యాక్టరీ చవగ్గా చేసి వదిలిన రకం అది. నాసిరకం కర్ర, రేకు ముక్కలతో ట్రిగ్గరు. ఖరీదైనవి కొనలేని వాళ్లంతా నలభై ఏళ్లుగా దీంతోనే గురి నేర్చుకున్నారు. మర్లు విప్పి, ట్రిగ్గరు నొక్కేదాకా తూటా పేల్చే సూదిని పట్టి ఆపే కొక్కెం బయటికి తీసి, భూతద్దం కింద పెట్టాడు.

కొక్కెం అంచున ఆకురాయి గీతలు!

ప్రాణం లేచొచ్చింది. ఆ కొక్కేనికి గట్టి పొర ఉల్లిపొర మందమే, లోపలంతా మెత్తటి ఇనుము. అందుకే దాన్ని నూనెరాతి మీద నాలుగుసార్లు రుద్ది ఊరుకుంటాడు తప్ప ఆకురాయి తాకనివ్వడు. ట్రిగ్గరు తేలిగ్గా రావాలని ఎవరో ఆ పొర గీకేశారు. మెత్తటి ఇనుము కొద్ది రోజుల్లోనే అరిగి జారింది.

అద్దం కాస్త తిప్పాడు. అంతే, లేచొచ్చిన ప్రాణం కాస్తా జావగారిపోయింది. గీతలు ఎదురువాలుగా ఉన్నాయి. పుర్రచేతి వాటం. ఆ చేతికి ఆకురాయి పట్టడం నేర్పింది తనే. ఆ చేతికే కూతుర్నిచ్చాడు. అల్లుడిప్పుడు ఆ క్లబ్బులో కోచ్.

"ఏం కనిపించింది?"

"ఏం లేదు బాబూ. తప్పు నాదే. చూపు ఆనలేదు."

"నాన్నా!" లోపలిగది గుమ్మంలో నిలబడ్డ కూతురు గబగబా వచ్చి భూతద్దం లాక్కుంది. ఆకురాళ్ల మధ్యే పెరిగిన పిల్ల. అందులోకి వంగింది. ఎంతసేపటికీ తల ఎత్తలేదు.

"అమ్మడూ, నువ్వు లోపలికెళ్లు. నీకేం తెలీదు."

"నువ్వు కొక్కేనికి ఆకురాయి పెట్టావా నాన్నా? నా కళ్లల్లోకి చూసి చెప్పు."

ఆయన చూడలేదు.

"మొన్న ఆదివారం నువ్వు కళ్ల డాక్టరు దగ్గరికెళ్లినప్పుడు షాపు తాళం అడిగి తీసుకున్నాడు. పోటీలున్నాయి, ఈ రైఫిలు ట్రిగ్గరు బిగుసుకుపోయిందట."

"నోర్ముయ్యవే! నీ కాపురం..."

"ఎవరమ్మా?" ఇన్‌స్పెక్టర్ ముందుకు వంగాడు. "పేరు పెట్టి చెప్పక్కర్లేదు. మీకేమవుతాడు?"

భూతద్దం బల్ల మీద పెట్టేసిందామె.

"మా ఆయన."