హైమ నాలుక కింద పద్నాలుగు నెలలు

నేను ఒక థర్మామీటర్ని. గాజు ఒళ్ళు, కడుపులో చిటికెడు పాదరసం. జ్వరాలు చూడ్డానికి పుట్టినదాన్ని. విశ్వం నన్ను మందుల షాపులోంచి కొనుక్కెళ్తుంటే, పాపం వాళ్ళింట్లో ఎవరికో ఒళ్ళు కాలిపోతోంది కాబోలు అనుకున్నాను. ఎవరికీ ఏమీ లేదు. పెళ్ళై నాలుగేళ్ళైనా పిల్లల్లేరు, అంతే.

విశ్వం చక్కెర ఫ్యాక్టరీ లాబ్‌లో కెమిస్టు. చెరుకు రసం తీపిని కూడా నాలుకతో కాక గాజు గొట్టంతో చూసే మనిషి. అండం విడుదలైతే ఆడవాళ్ళ ఒళ్ళు కాస్త వేడెక్కుతుందని ఎక్కడో చదివాడు. ఇక చూడండి నా అవస్థ! రోజూ పొద్దున్నే, భార్య హైమ పక్క మీంచి లేవకముందే నన్ను ఆమె నాలుక కింద దూర్చి, నేను చూపిన అంకెని గ్రాఫు కాగితం మీద చుక్కగా పెట్టేవాడు. చుక్క పైకి లేచిందా, ఆ రోజు ఫ్యాక్టరీకి సెలవు. అది చూసి అతని తల్లి రత్తమ్మ సంచీ పట్టుకుని పెద్దాపురంలో చెల్లెలింటికి బయల్దేరేది. వీధి వీధంతటికీ తెలిసిన ముహూర్తం అది.

చిక్కేమిటంటే, నేను పైకి లేచేది అండం విడుదలయ్యాకే. బస్సు వెళ్ళాక రేగే దుమ్ములాంటిదాన్ని. బస్సు వస్తున్న సంగతి హైమకి ముందే తెలిసేది. నెల మధ్యలో ఓ రెండు రోజులు ఆమె మనిషే మారిపోయేది. బట్టలారేస్తూ కూనిరాగం తీసేది, బీరువాలోంచి చిలకపచ్చ చీర తీసేది. పక్కింటి పోపు వాసన కూడా ముక్కుకి ఘాటుగా తగిలేది. పొత్తికడుపులో ఓ పక్క సన్నగా మెలిపెట్టేది.

“ఏవండీ, ఇవాళో రేపో అనిపిస్తోందండీ,” అనేది.

“థర్మామీటర్ ఇంకా లేవలేదే. నీకు అనిపిస్తే సరిపోతుందా?” అనేవాడు.

నాకు నోరుంటే కదా! ఆ తర్వాత ఛాతీ బరువెక్కి, అయినదానికీ కానిదానికీ ఆమెకి కన్నీళ్ళొచ్చేవి. “మళ్ళీ మూడ్ పాడైంది మహాతల్లికి,” అనేది రత్తమ్మ. కోడలి మూడ్ సంగతి ఇంటిల్లిపాదికీ కావాలి, కోడలి మాట మాత్రం ఎవరికీ అక్కర్లేదు.

పద్నాలుగు నెలల గ్రాఫుల్ని చుట్టచుట్టి, నన్ను జేబులో పెట్టుకుని, విశ్వం భార్యని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాడు.

“ఈ గీత లేచేసరికి పుణ్యకాలం కాస్తా దాటిపోతుంది బాబూ. అంతకు ముందు రోజులే ముఖ్యం. ఒంట్లో ఏమైనా తేడా తెలుస్తుందా అమ్మా నీకు?” అందావిడ.

“తెలుస్తుందండీ. పద్నాలుగు నెలల్నించీ చెప్తూనే ఉన్నాను,” అంది హైమ.

జేబులో ఉన్న నాకే సిగ్గేసింది.

ఆ మర్నాటి నుంచి నా కాపురం సొరుగులో, పాత తాళంచెవుల పక్కన. ఏడాదిన్నర గడిచాక ఓ మధ్యాహ్నం సొరుగు భళ్ళున తెరుచుకుంది. విశ్వం నన్ను డబ్బాలోంచి లాగి, పిల్ల దగ్గరికి పరిగెత్తాడు.

“పిల్ల ఒళ్ళు పెనంలా ఉంది హైమా!”

హైమ పిల్ల మెడ కింద వేళ్ళు పెట్టి చూసింది. “జ్వరం కాదండీ. అత్తయ్యగారు కప్పిన దుప్పట్లు తియ్యండి.”

విశ్వం నా వైపు చూశాడు. ఆమె వైపు చూశాడు. నన్ను డబ్బాలో పెట్టి, మూత బిగించి, దుప్పట్లు తీయడానికి వెళ్ళాడు.