మనిషి వచ్చేదాకా

ఆవిడ చెప్పులు విడిచి, వాటి ముక్కులను బొటనవేలితో గుమ్మం వైపు తిప్పుకుని, కుర్చీలో సర్దుకుని కూర్చున్నాకే నోరు విప్పింది.

"ఇవాళ ఏం ముట్టుకున్నావు అబ్బాయ్?"

ఆస్పత్రి మంచాలకు అమర్చే పిలుపుగంటల సాఫ్ట్‌వేర్ తయారయ్యే ఆఫీసు అది. ఎవరు ఏ మార్పు చేసినా, ఏ పరీక్షలు మళ్ళీ చేయాలో ఎంచడం ఆవిడ పని. అన్నీ చేస్తే వారం పడుతుంది. అందరికీ సాయంత్రానికే కావాలి. తప్పులు వెతికే మనిషి కనుక ఆఫీసులో అందరూ అత్తగారనేవారు. ఇంట్లో కోడలి ముందు నోరెత్తని ఆవిడకు ఆ పిలుపు ఒక ముచ్చట.

"గంటతో పాటు వెలిగే దీపం రంగు మార్చానంతే అత్తగారూ," అన్నాడు ప్రోగ్రామరు.

రంగు పరీక్షలు ఎంచింది. అతను ఆవులించడం చూసి, నిద్రమత్తులో పక్కవీ కదిపాడేమోనని ఆ ఫైళ్ళవి కూడా కలిపింది. చివర్లో, ఎప్పటిలాగే, గంట పరీక్ష.

అతని మొహం వాడిపోయింది. వెనక గదిలో ఒకరు మంచం మీద పడుకుని మీట నొక్కాలి. ఇంకొకరు వచ్చి గోడ మీది మీటతో ఆపేదాకా గంట మోగుతూనే ఉండాలి. ఇన్నేళ్ళలో ఒక్కసారీ తప్పింది లేదు.

"రంగు మారిస్తే గంటకేమవుతుంది? ఇవాళ మా పాప నాటకం. చెట్టు వేషం. ఈసారికి వదిలెయ్యండి."

"పడుకున్నవాళ్ళకి అదొక్కటే కదయ్యా నోరు." పరీక్షను వదల్లేదు కానీ అతణ్ణి వదిలేసింది. "నువ్వెళ్ళు. ఆపడానికి సాయంత్రం వ్యాను డ్రైవరొస్తాడుగా. చెట్టు కదిలిందో లేదో రేపు చెప్పు."

మధ్యాహ్నం నుంచి భుజం లాగుతోంది. మౌసును తిట్టుకుంటూనే మిగతావన్నీ పూర్తిచేసింది. గంటల పెట్టెలు తీసుకెళ్ళడానికి వచ్చిన వ్యాను డ్రైవరుతో, "గంట విన్నాక కాస్త ఆగి రా నాయనా," అని వెనక గదిలోకి వెళ్ళింది. నడుం వాల్చగానే ప్రాణం లేచొచ్చినట్టయింది. మీట నొక్కి, ఆ మోత వింటూ కళ్ళు మూసుకుంది.

డ్రైవరు చెప్పినట్టే కాస్త ఆగి వెళ్ళి గంట ఆపాడు. ఆవిడ లేవలేదు. గుండె ఒక్క క్షణంలో ఆగిపోయిందని, ఎవరు పరిగెత్తినా అందేది కాదని డాక్టరు అన్నాడు.

మర్నాడు ప్రోగ్రామరు తన కొత్త మార్పుకు పరీక్షలు ఎంచుతూ అన్నిటికన్నా ముందు గంట పరీక్షే పెట్టాడు. ఒక్కడే వెనక గదిలోకి వెళ్ళాడు. ఏడుపు ఆపుకోలేకపోయాడు.

"చెట్టు కదల్లేదు అత్తగారూ," అన్నాడు.

మంచం కింద ఆవిడ చెప్పులు, ముక్కులు గుమ్మం వైపు తిప్పి ఉన్నాయి.